లూసియానా ఓట్లకు, నెల్లూరు రొయ్యకు లంకె ఏమిటి?

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక పెద్ద అట్ట చేతబట్టుకుని, ఏ దేశపు సరుకు మీద ఎంత సుంకం వేయబోతున్నాడో ప్రపంచానికి చదివి వినిపించాడు. మన దేశం పేరుకు ఎదురుగా 26 శాతం అని వున్నది. వారం గడిచిందో లేదో, ఏప్రిల్ 9న, 10 శాతం మాత్రం వుంచి తక్కినదాన్ని మూడు నెలలు ఆపుతున్నానని ఆయనే చెప్పాడు. కాని మన కోస్తాలో రొయ్య ధర ఆ వారంలోనే జారిపోయింది. సుంకం పడకముందే ధర పడింది.

ఇదేమి మాయ అని గుంట పెట్టిన రైతులు నెత్తి కొట్టుకున్నారు. మాయ ఏమీ లేదు. పట్టుబడికి వచ్చిన రొయ్యను ఇంకో నెల నీళ్లలో దాచుకోవడం కుదరదు. మేత ఖర్చు, కరెంటు ఖర్చు, పైన తెగులు భయం. ఆ సంగతి రైతు కంటే కొనేవాడికి బాగా తెలుసు. రేపు రాబోయే నష్టాన్ని ఇవాళే గుంట గట్టు మీద దించేసి పోయాడు. గట్టు మీది రైతు దాన్ని కౌలు భూమి మీదికీ, కాపలా కూలి మీదికీ నెట్టాడు. షెడ్డు యజమాని తల తీసే, పొట్టు తీసే ఆడవాళ్ల పనిదినాల మీదికి నెట్టాడు. వాళ్లకు నెట్టడానికి కింద ఎవరూ లేరు.

ఆ తర్వాత 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం, మొత్తం 50 శాతం సుంకం నిజంగానే పడింది. పాత యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీల మీద వేసిన సుంకం వీటికి అదనం. ఆ అంకె ఆ తర్వాత చర్చలను బట్టి మారుతూ వచ్చింది, ఇకముందూ మారవచ్చు. అంకె ఎంత అన్నది మా ప్రశ్న కాదు. దాన్ని ఎవరు రాయించారు, ఎందుకు రాయించారు అన్నది మా ప్రశ్న.

విదేశాంగ విధానం ఢిల్లీ, వాషింగ్టన్ నగరాల్లో పెద్దమనుషులు కరచాలనాలు చేసుకుని తేల్చే వ్యవహారమని మనకు నూరిపోశారు. ఇద్దరు నాయకులు కౌగిలించుకుంటే దేశాలు స్నేహంగా వున్నట్టు, ముఖం తిప్పుకుంటే వైరం వచ్చినట్టు పత్రికలు రాస్తాయి. ఏ ప్రభుత్వమైనా బయటి దేశంతో మాట్లాడేటప్పుడు దాని చెవి మాత్రం సొంత ఇంటి వైపే వుంటుంది. ఇంట్లో ఎవరు గట్టిగా కేకలు వేస్తున్నారు, ఎవరి చేతిలో డబ్బుంది, ఎవరి చేతిలో ఓట్లున్నాయి అని వింటూ వుంటుంది. మన రొయ్య కథ ఈ సంగతిని పూసగుచ్చినట్టు చెబుతుంది.

ఎనిమిది రాష్ట్రాలు, పదహారు మంది సెనేటర్లు

అమెరికాకు దక్షిణాన మెక్సికో సింధుశాఖ వున్నది. దాని ఒడ్డున లూసియానా, టెక్సాస్, మిసిసిపీ, అలబామా, ఫ్లోరిడా రాష్ట్రాలున్నాయి. అక్కడ పడవల మీద రొయ్య వేటాడి బతికే కుటుంబాలు తరతరాలుగా వున్నాయి. వియత్నాం యుద్ధం ముగిశాక శరణార్థులుగా వచ్చిన వియత్నామీలు కూడా అక్కడ వలలు వేసుకుని బతుకుతున్నారు. అమెరికావాళ్లు తినే సముద్రపు తిండిలో రొయ్యదే మొదటి స్థానం. అయితే వాళ్లు తినే రొయ్యల్లో నూటికి తొంభైకి పైగా బయటి దేశాల నుంచి వస్తున్నవే. డీజిలు ధర పెరుగుతుంటే వాళ్ల రొయ్య ధర పడిపోతున్నది. జువ్వలదిన్నె మత్స్యకారుడి బాధకూ వాళ్ల బాధకూ పెద్ద తేడా లేదు. వాళ్ల మీద మాకు కోపం లేదు.

వాళ్లు చేసిన పనేమిటంటే, జట్టు కట్టారు. 2002లో ఎనిమిది దక్షిణాది రాష్ట్రాల వేటగాళ్లు, రొయ్య శుద్ధి చేసే కంపెనీలవాళ్లు కలిసి సదరన్ ష్రింప్ అలయన్స్ అనే సంఘం పెట్టుకున్నారు. అమెరికా సెనేటులో రాష్ట్రం పెద్దదైనా చిన్నదైనా రెండేసి సీట్లు. ఎనిమిది రాష్ట్రాలంటే పదహారు మంది సెనేటర్లు. వందమంది వుండే సభలో పదహారు మందిని కాదని ఏ అధ్యక్షుడు సుఖంగా వుండగలడు?

దీనికి ముందే ఇంకొక ఏర్పాటు జరిగి వున్నది. పశ్చిమ వర్జీనియా సెనేటరు రాబర్ట్ బైర్డ్ 2000 సంవత్సరంలో ఒక సవరణ చేయించాడు. బయటి సరుకు చవగ్గా వచ్చి పడుతున్నదని ఫిర్యాదు చేస్తే వేసే సుంకం డబ్బు ఖజానాకు పోకుండా, ఫిర్యాదు చేసిన కంపెనీలకే పంచాలట! ఇది వ్యాపార నియమాలకు విరుద్ధమని ప్రపంచ వాణిజ్య సంస్థ 2003 జనవరిలో తేల్చింది. అయినా అమెరికా పార్లమెంటు దాన్ని రద్దు చేయడానికి 2006 దాకా పట్టింది. ఇతర దేశాలకు నియమాలు బోధించే దేశం సొంత నియోజకవర్గాల దగ్గరికొచ్చేసరికి ఎంత తాపీగా నడుస్తుందో చూడండి.

2003 డిసెంబర్ 31న బ్రెజిల్, చైనా, ఈక్వడార్, భారత్, థాయిలాండ్, వియత్నాం - ఈ ఆరు దేశాల రొయ్య మీద ఫిర్యాదు దాఖలయింది. 2004 అధ్యక్ష ఎన్నికల సంవత్సరం. విచారణ నడుస్తుండగానే 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. మన పడవలు, వలలు కొట్టుకుపోయాయి. ఒడ్డున ఇంకా శవాలు వెతుకుతున్న రోజుల్లోనే, 2005 జనవరిలో, అమెరికా వాణిజ్య కమిషన్ మన రొయ్య వల్ల తమ పరిశ్రమకు దెబ్బ తగిలిందని తీర్పు చెప్పింది. ఫిబ్రవరి 1న ఉత్తర్వు వచ్చింది. భారత్ కంపెనీల మీద సగటున 10.17 శాతం సుంకం. సునామీ దెబ్బతిన్న భారత్, థాయిలాండ్‌ల సంగతి మళ్లీ పరిశీలిస్తామన్నారు. పరిశీలించి, అదే ఏడాది నవంబరులో సుంకం వుండాల్సిందేనన్నారు. సునామీ నాడు సానుభూతి ప్రకటనలు చేసినదీ ఆ దేశపు ప్రభుత్వమే, సుంకం వేసినదీ ఆ ప్రభుత్వమే. సానుభూతి మనకు, సుంకం లూసియానాకు.

2025లో ఆ పాత పాటే పెద్ద గొంతుతో వినపడింది. సెప్టెంబరులో లూసియానా సెనేటరు బిల్ కాసిడీ, మిసిసిపీ సెనేటరు సిండీ హైడ్-స్మిత్ ప్రత్యేకంగా భారత్ రొయ్య పేరు మీదే ఒక సుంకం బిల్లు ప్రతిపాదించారు. డిసెంబర్ 8న ట్రంప్ తన రైతులకు 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించిన సమావేశంలో, లూసియానాకే చెందిన ఒక రైస్ మిల్లు యజమాని భారత్ బియ్యాన్ని అమెరికాలో కుమ్మరిస్తున్నదని ఫిర్యాదు చేసింది. మొలగొలుకులు పండించిన మన కయ్యల బియ్యం ఏమంత అమెరికాకు పోతున్నదని? అక్కడికి పోయేది ఎక్కువగా ఉత్తరాది బాస్మతి. అయినా ఫిర్యాదు అధ్యక్షుడి బల్ల దాకా చేరింది. ఆ సాయమెందుకు అవసరమయిందంటే, ట్రంప్ సుంకాలకు జవాబుగా చైనా అమెరికా సోయా కొనడం మానేసింది. సోయా, మొక్కజొన్న పండించే రాష్ట్రాల రైతులు ఆయన పార్టీకే ఓట్లేసేవాళ్లు. కనుక వాళ్ల పంటకు ఇంకో అంగడి వెతకాలి. ఆ అంగడి పేరు భారతదేశం.

గోధుమల నాటి మాట

ఇదంతా ట్రంప్ ఒక్కడి పిచ్చి అనుకునేవాళ్లు వెనక్కి తిరిగి చూడాలి. అమెరికా రైతుల దగ్గర గోధుమలు గుట్టలు పడిపోయి ధర నిలవకపోతే 1954లో పిఎల్-480 చట్టం చేశారు. మిగిలిన గోధుమను బీద దేశాలకు పంపడం దాని పని. అక్కడ రైతు ధర నిలబెట్టడం మొదటి లాభం, ఇక్కడ ప్రభుత్వం మెడకు తాడు వేయడం రెండో లాభం. 1965-66 కరువు రోజుల్లో మన దేశం వియత్నాం మీద బాంబుల వర్షాన్ని తప్పుబడితే, అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడలను నెలకింత అని కొలిచి వదిలాడు. ఓడ వస్తేనే పొయ్యి రాజుకునే స్థితి. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4 రూపాయల 76 పైసలున్నది ఏడున్నర రూపాయలయింది. మరుసటి సంవత్సరం ఎన్నికల్లో అనేక రాష్ట్రాల్లో కాంగ్రెసు ఓడింది.

మన ఇంట్లో సంగతి

పొరుగింటి రాజకీయం ఇంతసేపు చెప్పాం. ఇక మన ఇల్లు. నెల్లూరు కోస్తాలో ఈ గుంటలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1991లో దేశానికి డాలర్లు లేక బంగారం ఇంగ్లండుకు తరలించి తాకట్టు పెట్టారు. అప్పటి నుంచి డాలరు తెచ్చేదేదైనా దేశభక్తి అయిపోయింది. ఉప్పుటేళ్ల పక్కన, కండలేరు ఒడ్డున, బకింగ్‌హాం కాలువ వెంట కయ్యలు గుంటలయ్యాయి. టైగర్ రొయ్య వేసినవాళ్లకు మొదట బాగా డబ్బులొచ్చాయి. రొయ్యల రాజధాని అని నెల్లూరును పొగిడారు. కంపెనీలు దిగాయి, పట్నం నుంచి పెట్టుబడి దిగింది. మంచినీళ్ల బావులు ఉప్పెక్కాయి. నాట్లు, కలుపులు, కోతలతో పదిమందికి పని పెట్టే ఎకరం, కాపలాకు ఇద్దరుంటే సరిపోయే గుంట అయిపోయింది. ఏట్లో చేపలు, పీతలు పట్టుకు బతికే యానాదుల దారులకు కంచెలు పడ్డాయి. 1994-95లో తెల్లమచ్చల తెగులు వచ్చి గుంటలు ఎండాయి గాని, వాటి కింద పోయిన మాగాణి తిరిగి రాలేదు.

1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు జగన్నాథన్ కేసులో తీర్పు ఇచ్చింది. కోస్తా నియంత్రణ మండలంలోని గుంటలను 1997 మార్చి 31 లోగా తీసివేయమన్నది. పని పోయే కూలీలకు రిట్రెంచిమెంటు పరిహారంతో పాటు ఆరేళ్ల జీతం ఇవ్వమని కూడా చెప్పింది. మన పాఠకుల్లో ఎందరికి ఈ మాట తెలుసు? రొయ్య లాబీ ఢిల్లీకి పరుగెత్తింది. విదేశీ మారకం పోతుందన్నారు. తీర్పు అమలు ఆగింది. అటూ ఇటూ తిరిగి 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి గుంటలకు రక్షణ దొరికింది. ఆరేళ్ల జీతం మాట ఎక్కడా వినబడలేదు. 2009లో అమెరికా ఖండపు వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలు మళ్లీ నిండాయి. 2024-25లో దేశం నుంచి రమారమి 7.4 లక్షల టన్నుల గడ్డకట్టిన రొయ్య ఎగుమతి కాగా, అందులో 3.1 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే పోయింది. ఒకే కొనుగోలుదారుడి గుమ్మం ముందు ఇంత సరుకు పెట్టుకోవడం కూడా ఒక విధానమే. దాన్ని నెల్లూరు కూలి నిర్ణయించలేదు.

ఇప్పుడు 2025 ఆగస్టు 27న పడిన రెండో 25 శాతం సంగతి చూడండి. అది రష్యా చమురు కొన్నందుకు జరిమానా అన్నారు. ఎవరి దగ్గర చమురు కొనాలో చెప్పడానికి అమెరికాకు హక్కు లేదు, ఈ విషయంలో మాకు సందేహం లేదు. కాని ఆ చవక చమురు ఎక్కడికి పోయింది? దేశంలో రష్యా చమురు ఎక్కువగా కొన్న కంపెనీ జామ్‌నగర్ శుద్ధి కర్మాగారం నడిపే రిలయన్స్. ఆ చవక మన ఊరి బంకు దాకా రాలేదు. ఏరేటర్‌కు పోసే డీజిలు లీటరు మీద రైతు ఏం మిగుల్చుకున్నాడు? పైగా వింత ఏమిటంటే, అమెరికా వేసిన ఆ సుంకంలో పెట్రోలియం ఉత్పత్తులకు మినహాయింపు వున్నది. మందులకు, సెల్‌ఫోన్లకు కూడా వున్నది. అవి లేకపోతే అక్కడి ఓటరు ఊరుకోడు. రొయ్య లేకపోతే ఈక్వడార్ రొయ్య తింటాడు. ఆ విధంగా చమురు లాభం జామ్‌నగర్‌లో ఆగింది, చమురు జరిమానా నెల్లూరు గుంటలో మునిగింది.

ఇలాంటిదే ఇంకొకటి, కృష్ణపట్నం రేవు పక్కనే. 2019లో మలేసియా ప్రధాని మహతీర్ కాశ్మీరు మీద, తర్వాత పౌరసత్వ చట్టం మీద విమర్శలు చేశాడు. ఢిల్లీ ప్రభుత్వం 2020 జనవరి 8న శుద్ధి చేసిన పామాయిలు దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. దేశ గౌరవం అని చప్పట్లు కొట్టారు. శుద్ధి చేసిన నూనె ఆపండి, ముడి నూనె రానివ్వండి అని ఇక్కడి రిఫైనరీలు ఎంతో కాలంగా మొత్తుకుంటున్నాయి. ముత్తుకూరు మండలం పంటపాలెం వైపు పోతే ఆ రిఫైనరీలు కనబడతాయి. గౌరవమూ దక్కింది, కోరికా తీరింది. మహతీర్ మాట అనకపోయినా ఇంకేదో సాకు దొరికేదనే మా అనుమానం.

రైతులు అడ్డం పడ్డప్పుడు

కంపెనీలే ఎప్పుడూ గెలుస్తాయని చెబితే అబద్ధమవుతుంది. 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ ఒప్పందం నుంచి మన ప్రభుత్వం వెనక్కి తగ్గింది. న్యూజిలాండ్ పాలపొడి వచ్చి పడితే పాడి రైతు బతకడని దేశమంతా రైతు సంఘాలు రోడ్డెక్కాయి. 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాది పైగా కూర్చున్నారు. మూడు చట్టాలు ఉపసంహరిస్తామని 2021 నవంబర్ 19న ప్రధాని ప్రకటించక తప్పలేదు. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి రైతులు, మత్స్యకారులు, పశుపోషకుల ప్రయోజనాలకు తాను గోడలా నిలుస్తానని ఆ ప్రధానే చెప్పాడంటే, సింఘూ, టిక్రీ శిబిరాలు ఆయనకు ఇంకా గుర్తున్నాయన్న మాట. అమెరికా పాలు, జన్యుమార్పిడి మొక్కజొన్న గేటు దగ్గర ఆగాయంటే ఆ గుర్తు వల్లనే ఆగాయి.

అయితే గోడకు తలుపులు కూడా వుంటాయి. ఎర్రకోట ప్రసంగం అయిన నాలుగు రోజులకే, ఆగస్టు 19 నుంచి, పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. బట్టల మిల్లులు అడిగాయి, ఇచ్చారు. గుంటూరు, ఆదిలాబాదు పత్తి రైతు పంట అంగడికి తెచ్చే నెలలవి. పత్తి రైతు గోడకు ఏ వైపున వున్నట్టు?

ఇక్కడ మన కోస్తావాళ్లు ఒక చిక్కును సూటిగా చూడాలి. రొయ్య మేతలో సోయా చెక్క వుంటుంది. మేత ధర పెరిగిందని గుంట రైతు గగ్గోలు పెడతాడు, అది న్యాయమే. 2021 ఆగస్టులో కోళ్ల పరిశ్రమ వత్తిడితో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం తలుపు తీసింది. రేపు అమెరికా సోయాకు తలుపు తీయాలనుకున్నప్పుడు మన గుంట రైతు పేరే ముందు పెడతారు. మేత చవకవుతుంది, రొయ్య మీద సుంకం తగ్గుతుంది, సంతకం పెట్టనివ్వండి అంటారు. అప్పుడు మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సోయా రైతుకూ, అల్లూరు రొయ్య రైతుకూ తగవు పెట్టి నడిమిట్లో కూర్చునేవాడు ఎవడో ముందే కనిపెట్టి వుండాలి.

షెడ్డులో ఆడవాళ్ల పేరు ఎవరు వాడుకున్నారు?

2024 మార్చిలో అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ మన రాష్ట్రపు రొయ్య షెడ్ల గురించి నివేదిక వేసింది. చల్లని నీళ్లలో గంటల తరబడి నిలబడి పొట్టు తీసే ఆడవాళ్ల చేతులు పుండ్లు పడడం, కనీస వేతనం అందకపోవడం, అప్పుల కింద కట్టుబడి వుండడం - ఇవన్నీ అందులో వున్నాయి. మనకు తెలియని సంగతులు కావు. దాన్ని లూసియానా లాబీ వెంటనే అందిపుచ్చుకున్నది. చూశారా, భారత్ రొయ్య ఎంత చవకగా ఎందుకు వస్తున్నదో అని సుంకం పెంచమన్నది. ఇక్కడి ఎగుమతిదారులు దేశం పరువు తీయడానికి కుట్ర అన్నారు. వాళ్లు ఆమె చేతి పుండును సుంకానికి వాడుకున్నారు, వీళ్లు దాన్ని చీరకొంగు కింద దాచమన్నారు. మందు రాసేవాడు ఇరువైపులా కనబడలేదు.

"ట్రంపు పన్నేస్తే మా కూలెందుకు తగ్గాలబ్బా? పోయినేడు దరొచ్చినప్పుడు మాకేం పెంచినారా?" అని షెడ్ల దగ్గర అడిగే ఆడవాళ్లున్నారు. ఈ ప్రశ్న ఢిల్లీలో చర్చలకు కూర్చునే అధికారి ఫైలులో లేదు. ఎగుమతిదారుల సంఘం అర్జీ ఆ ఫైలులో వున్నది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2025 ఏప్రిల్‌లోనే రొయ్యకు మినహాయింపు ఇప్పించమని కేంద్ర వాణిజ్య మంత్రికి రాసిన లేఖ వున్నది. లూసియానా వేటగాళ్ల ఫిర్యాదులూ, అటు పక్క ఫైలులో, భద్రంగా వున్నాయి.

పుచ్చలపల్లి సుందరయ్య గారు 1930లలో విడవలూరు దగ్గర తన సొంతూరు అలగానిపాడులో వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టినప్పుడు, కూలికి కూడా సంఘమేమిటని నవ్విన పెత్తందార్లున్నారు. ఆ వూరికి కొద్ది మైళ్లలోనే ఇవాళ గుంటలున్నాయి. గుంటల్లో కాపలా వుండే యానాది కుటుంబాలకు, ఒడిశా నుంచి వచ్చి షెడ్లలో పడుకునే ఆడపిల్లలకు మాత్రం సంఘం దాదాపు లేదనే చెప్పాలి.

సుంకం తగ్గించే ఏ ఒప్పందం పేరు వినబడినా నెల్లూరులో ముందు సభ పెట్టేది ఎగుమతిదారులే. ఆ సభకు మన కార్యకర్తలు వెళ్లాలి, కాగితం పట్టుకుని వెళ్లాలి. కిలో పొట్టుకు ఎంత ఇస్తారో షెడ్డు గోడ మీద తెలుగులో రాయించాలి. ధర పడిన నెలలో కూలి కోయరాదు. గుంట కాపలా కుటుంబానికి నెల జీతం అప్పులో జమ కట్టుకోకుండా చేతికివ్వాలి. ప్రభుత్వం ఎగుమతిదారులకు వడ్డీ రాయితీ, ఆక్వా కరెంటుకు రాయితీ ఇస్తున్నది. ఆ రాయితీ అందుకునే ప్రతి షెడ్డులో కనీస వేతనాల రిజిస్టరు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. పుస్తకాలు చూపించమని కార్మిక శాఖను అడగాలి. ఎడగారు కోతలు అయిపోయి కయ్యల్లో పని తగ్గాక షెడ్లకు ఎక్కువమంది వస్తారు. వాళ్ల పేర్లు రాసుకోవడానికి అది అనువైన కాలం.